టీచరమ్మ అడిగిన నాలుగు రోజులు

మిలట్రీ టీచరమ్మ పోయిందని పాస్టరు గారు ఫోను చేసినప్పుడు నేను కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాను.

"టీచరమ్మ గారు ప్రభువునందు నిద్రించారమ్మా" అన్నారాయన.

చేతిలో గోరుపార కింద పెట్టాను. "గ్రేసో?" అని అడిగాను.

"ఆ పిల్ల సంగతేనమ్మా అందరం ఆలోచిస్తోంది" అన్నారు.

గ్రేసు పిల్ల కాదు. నాకంటే రెండేళ్ళు పెద్దది. టీచరమ్మకు ఒక్కతే కూతురు. పసితనంలో జ్వరం తలకెక్కి, నాలుగైదు మాటల దగ్గరే ఆగిపోయింది. అందుకని ఊరంతటికీ అది ఇప్పటికీ పిల్లే.

మా ఊరు ప్రత్తిపాడుకు పన్నెండు కిలోమీటర్లు. ఊరికి తూర్పున పల్లె, పల్లెలో చర్చి, చర్చి ఆవరణలోనే మిషను వాళ్ళ ఎలిమెంటరీ స్కూలు. ఊళ్ళో రైతుల పిల్లలమూ, పల్లెలో కూలివాళ్ళ పిల్లలూ ఐదో తరగతి దాకా అందరం అక్కడే. టీచరమ్మ పుట్టింది ఆ పల్లెలోనే. నర్సు చదువు చదివి, మిలట్రీలో చేరి, ఏడేళ్ళు మంచుకొండల దగ్గర సైనికుల ఆసుపత్రుల్లో పనిచేసి తిరిగి వచ్చింది. ఆ తర్వాత టీచరు ట్రైనింగు అయ్యి మా స్కూల్లో చేరింది.

"ఎందుకొచ్చేశారు టీచర్?" అని ఒకసారి అడిగాను.

"పెళ్ళి" అంది.

"మరి ఆయనేరి?"

"బదిలీ" అంది.

ఆయనా టీచరే. గ్రేసుకి ఇక మాటలు రావని తెలిసిన ఏడాది దర్శి అవతల ఏదో ఊరికి బదిలీ చేయించుకుని వెళ్ళాడు. మొదట్లో నెలకోసారి వచ్చేవాడట. తర్వాత పండక్కి. నేను స్కూల్లో చేరేటప్పటికి అసలు రావడం లేదు.

ఆవిడ చీర కట్టు మీద నల్ల బూట్లు వేసుకునేది. జాకెట్టుకు ఎడమవైపు ఒక చిన్న వాచీ తలకిందులుగా వేలాడేది. ఆసుపత్రిలో నర్సులు అలాగే పెట్టుకుంటారట, నాడి చూసేటప్పుడు చేతులు ఖాళీగా ఉండాలని. మా నోటు పుస్తకాలకి అట్టలు వేస్తే మూలలు ఆసుపత్రి మంచం మీద దుప్పటి మడిచినట్టు పదునుగా మడిచేది. సోమవారం గోళ్ళు, గురువారం తలలు చూసేది. మిరపకోతల కాలంలో కూలికి పోయి వచ్చిన పిల్లలు అరచేతులు మండి పలక పట్టుకోలేకపోతే, బీరువాలోంచి కొబ్బరినూనె సీసా తీసి ఒక్కొక్కరి వేళ్ళ సందుల్లోనూ రాసేది. అది రాసేంతసేపూ పాఠం ఆగేది కాదు. నాలుగో ఎక్కం అలా నూనె వాసనతోనే నాకు వచ్చింది.

ఎవరైనా దెబ్బ తగిలించుకుని ఏడుస్తూ వస్తే ఓదార్చేది కాదు.

"ముందు ఊపిరి పీల్చు. తర్వాత ఏడుద్దువుగాని. ఇప్పుడు రిపోర్టివ్వు. ఎవరు? ఎక్కడ? రక్తం ఎంత?"

రిపోర్టు ఇచ్చేలోపు ఏడుపు సగం పోయేది. మా ఊళ్ళో ఇప్పటికీ ఆ బళ్ళో చదివిన వాళ్ళని గుర్తుపట్టొచ్చు. కరెంటు మోటారు కాలిపోయినా సరే, "ఎక్కడ? ఎప్పుడు?" అని మొదలుపెడతారు.

ఇవన్నీ తలుచుకుని నవ్వుకునే సంగతులు. నవ్వుకోలేనిది ఒకటుంది. ఆవిడ పాఠం చెబుతున్నంతసేపూ గ్రేసు పక్కనే చాప మీద కూర్చునేది. గ్రేసు నడుముకు పాత చీర పేలిక ఒకటి కట్టి ఉండేది. ఆ పేలిక రెండో కొస టీచరమ్మ నడుముకు ఉండేది. ఆరేళ్ళప్పుడు గ్రేసు ఎవరూ చూడకుండా నడుచుకుంటూ పోయి సాగరు కాలువలో దిగింది. పీకల్లోతు నీళ్ళలో నిలబడి నవ్వుతున్న పిల్లను గొర్రెలు కాసేవాళ్ళు పట్టుకొచ్చారు. ఆ మర్నాటి నుంచీ పేలిక. బోర్డు మీద రాయడానికి టీచరమ్మ నాలుగడుగులు వేస్తే గ్రేసు కూడా లేచేది. గ్రేసు గుమ్మం వైపు పోబోతే టీచరమ్మ మాట మధ్యలో వెనక్కి ఒరిగేది.

ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు అది చూసి మొహం చిట్లించాడు.

"ఏంటమ్మా ఇది?"

"నా కూతురండి."

"కూతుర్ని స్కూలుకి తీసుకురావచ్చా?"

"ఇంట్లో ఒక్కదాన్నే వదలొచ్చాండి?"

ఆయన హాజరుపట్టీ తెరిచాడు.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా నాన్న పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్ళాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయినా అలాగే కొట్టాడట, గాలికి ఎదురు నిలబడి. బండి మీద తెచ్చి మా వాకిట్లో పడుకోబెట్టారు. నోట్లోంచి నురగ. ఒళ్ళంతా చెమట. చింతపండు పులుసు పోయమని ఒకరు, మజ్జిగ పోయమని ఒకరు అరుస్తున్నారు. మా అమ్మ అరుగు మీద కూలబడిపోయింది. నన్నెవరూ పంపలేదు. నేనే స్కూలుకు పరిగెత్తాను.

"టీచర్, నాన్న..." అని వెక్కుతుంటే, "ఊపిరి" అంది. పీల్చాను. "రిపోర్టు."

"మా నాన్న. పత్తిచేలో. మందు కొడుతూ పడిపోయాడు. నురగొస్తోంది."

ఆవిడ నడుముకున్న ముడి విప్పింది. ఆ ముడి విప్పడం నేను చూడడం అదే మొదటిసారి. పేలిక కొస నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"దీన్ని వదిలావంటే ఊరుకోను" అని చెప్పి, బూట్లతోనే పరిగెత్తింది. గ్రేసును లాక్కుంటూ నేను వెనకాల పోయాను.

నేను వెళ్ళేసరికి ఆవిడ జనాన్ని నెట్టేస్తోంది. "ఏమీ పొయ్యొద్దు! పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోద్ది. పక్కకి తిప్పండి. చొక్కా కత్తిరించండి." వట్టి చేతులతో ముట్టుకోకుండా, గోడవారనున్న యూరియా సంచిలో ప్లాస్టిక్కు కాగితం చింపి చేతులకు చుట్టుకుంది. "నీళ్ళు! సబ్బు!" అంది.

ఎవరూ కదల్లేదు. నీళ్ళ గాబు మా పెరట్లో ఉంది. పెరట్లోకి దారి ఇంట్లోంచే.

"ఏయ్, నువ్ లోపలికెళ్ళమాక, మేం తెస్తాం!" అని మా నాయనమ్మ అరిచింది. అప్పటికే టీచరమ్మ గడప దాటింది. మా వంటిల్లు దాటింది. రెండు బిందెలతో వచ్చి మా నాన్నను తల దగ్గర నుంచి కాళ్ళ దాకా సబ్బుతో కడిగింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తెచ్చింది. పల్లె వాళ్ళు ఆ గడప దాటడం మా ఇంట్లో అదే మొదలు. మందు డబ్బా చేతిలో పట్టుకుని ట్రాక్టరు ఎక్కి గుంటూరు ఆసుపత్రి దాకా మా నాన్న పక్కనే కూర్చుని వెళ్ళింది.

పొద్దుగూకే దాకా నేను పేలిక వదల్లేదు. గ్రేసు మా అరుగు మీద నా పక్కనే కూర్చుంది. మధ్యాహ్నం మా పిన్ని ఆకులో అన్నం పెడితే తిని, "ఆ" అంది. అంటే బాగుందని.

దీపాలు పెట్టేవేళ టీచరమ్మ బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చింది. అప్పుడు మా నాయనమ్మ ఇంట్లో పసుపునీళ్ళు చల్లి గడప కడుగుతోంది. ఎందుకు కడుగుతోందో నాకే తెలిసింది, ఆవిడకు తెలియకుండా ఉంటుందా? వాకిట్లోనే ఆగింది. కడిగిన నీళ్ళు జారి ఆవిడ బూట్ల దాకా వస్తుంటే ఒక అడుగు వెనక్కి వేసింది.

"మీవాడికి ప్రాణభయం లేదు పెద్దమ్మగారూ. డాక్టరు చెప్పాడు" అంది. నాయనమ్మ చీపురు గోడకి ఆనించింది. "నేల తడిగా ఉంది, జారుద్ది. జాగ్రత్త" అని చెప్పి, నా గుప్పిట్లోంచి పేలిక తీసుకుని తన నడుముకు కట్టుకుని వెళ్ళిపోయింది.

మా నాన్న ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికాడు. ఆవిడ మా గడప మళ్ళీ తొక్కలేదు. మేము రమ్మని పిలవలేదు.

నేను చదువుకుని టీచరునయ్యాను. ప్రత్తిపాడులో పెళ్ళి చేసుకుని అక్కడే స్థిరపడ్డాను. మా ఆయనకు పదెకరాల మిరప, పత్తి. ఇంట్లో అత్తయ్య, అప్పటికి పెళ్ళి కాని ఆడపడుచు. ఇద్దరు పిల్లలు. స్కూలు, ఇల్లు, కల్లం. టీచరమ్మను చూడడానికి ఏడాదికోసారి వెళ్ళేదాన్ని. అప్పటికి ఆవిడ రిటైరయింది. పల్లెలో రెండు గదుల ఇల్లు. గోడకి ఒక ఫొటో. మంచుకొండ ముందు తెల్ల బట్టల్లో పదకొండు మంది అమ్మాయిలు, నలుగురు పగలబడి నవ్వుతూ. ఆ నవ్వేవాళ్ళలో ఆవిడొకతి. ఆవిడ అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

టీచరు ఉద్యోగం చేసినంతకాలమూ, రిటైరయ్యాక కూడా, ఆవిడ రాత్రి ఇంకో ఊళ్ళో పడుకుని ఎరగదు. అన్న కొడుకు పెళ్ళి బాపట్లలో అయితే పొద్దున బస్సెక్కి గ్రేసుతో పాటు వెళ్ళి, తాళి కట్టగానే తిరుగు బస్సెక్కింది. కొత్తచోట పడుకుంటే గ్రేసుకి ఫిట్సు వస్తాయని ఆవిడ భయం. ఎవరైనా చూస్తాంలే అంటే, "మీవల్ల కాదు" అనేది. అదొక పొగరు అనుకునేవాళ్ళు కొందరు.

ఆరేళ్ళ కిందట, ఒక ఆదివారం సాయంత్రం మా ఇంటి ముందు ఆటో ఆగింది. టీచరమ్మ దిగింది. చేయి పట్టుకుని గ్రేసు. ఇస్త్రీ చీర, జాకెట్టుకు వాచీ. ప్రత్తిపాడులో మా ఇంటికి ఆవిడ రావడం అదే మొదలు. అత్తయ్య కుర్చీ వేసింది. టీచరమ్మ కుర్చీ అంచున, నడుం వంచకుండా కూర్చుంది.

"పూనాలో మావాళ్ళంతా కలుస్తన్నారమ్మా. ఆ ఫొటోలో వాళ్ళు. పదకొండు మందిలో ఏడుగురం మిగిలాం" అంది. "ఒక మలయాళీ పిల్ల ఉండేది నా పక్క మంచం. దానికి ఈమధ్య ఒళ్ళు బాగుండట్లేదట. నన్ను చూడాలంటోంది."

"వెళ్ళండి టీచర్!" అన్నాను.

"నాలుగు రోజులు" అంది. అని ఆగింది. ఆవిడ మాట మధ్యలో ఆగడం నాకు కొత్త. "దీన్ని నా చేతిలోంచి ఇంకో చేతికి ఇచ్చింది ఒక్కసారేనమ్మా. నీకు."

నేను ఆలోచించలేదు. "నేను చూసుకుంటాను, మీరు టిక్కెట్టు తీసుకోండి" అన్నాను. ఆవిడ బ్యాగులోంచి మడిచిన కాగితాలు తీసింది. మూడు పేజీలు, గుండ్రటి అక్షరాలు. ఏ మాత్ర ఎప్పుడు. ఫిట్సు వస్తే ఎలా పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. కుక్కరు కూత అంటే భయం. పెరుగన్నంలో ఉప్పు వద్దు. చివర గీత గీసి, "ఏడిస్తే పక్కన కూర్చో. ఏమీ చెప్పక్కర్లేదు" అని రాసి ఉంది.

ఆవిడ వెళ్ళాక అత్తయ్య అంది: "ఫిట్సొచ్చే పిల్లంటగా. ఏమన్నా అయితే పూచీ ఎవరిది?"

మా ఆయన టీవీ చూస్తూ, "నీ ఇష్టం" అన్నాడు.

అంతే అన్నారు. కానీ అత్తయ్య ఆ కుర్చీని కడిగించిందేమోనని నేను పెరట్లోకి వెళ్ళి చూశాను. తడిగా ఉన్నట్టనిపించింది. ఆ వారమంతా ఇంట్లో ఎవరు గట్టిగా గిన్నె పెట్టినా నాకు అందుకేననిపించేది. అత్తయ్య మాటాడకపోతే కోపమనుకున్నాను. మాటాడితే ఎత్తిపొడుపనుకున్నాను. ఆయన "నీ ఇష్టం" అన్న రెండు మాటల్నీ అటు తిప్పి ఇటు తిప్పి వద్దనే అర్థం తీశాను. మా ఆడపడుచుకు సంబంధం చూడడానికి వాళ్ళెవరో ఆ వారంలోనే రావచ్చునన్నారు. అదొకటి దొరికింది.

ప్రయాణానికి రెండు రోజుల ముందు స్కూలు వరండాలోంచి ఫోను చేశాను.

"టీచర్, మా ఇంట్లో... ఆడపడుచు పెళ్ళిచూపులు... అత్తయ్యకి కూడా..."

"రిపోర్టివ్వమ్మా. సాగదియ్యమాక."

"కుదరదు టీచర్. మా వాళ్ళు ఒప్పుకోలేదు."

అటువైపు గ్రేసు ఏదో అంటున్నట్టు దూరంగా వినపడింది.

"సరే. నువ్వేడవమాక. టిక్కెట్టు వెనక్కిచ్చెయ్యొచ్చు" అని పెట్టేసింది.

ఆ తర్వాత ఏడాదిన్నర నేను ఆ పల్లె వైపు వెళ్ళలేదు. చివరికి ఒకరోజు వెళితే, ఏమీ జరగనట్టే టీ పెట్టింది. పూనా నుంచి వాళ్ళు వీడియో కాలు చేశారని, ఆ మలయాళీ పిల్లని చూశానని చెప్పింది. ఆ తర్వాత మూడు నెలలకి ఆమె పోయిందట.

నేను తల వంచుకున్నాను.

"ఒక నిజం చెప్పనా?" అంది టీచరమ్మ. "నువ్వు కుదరదన్నప్పుడు నాకు ముందు కోపం రాలా. హాయిగా అనిపించింది. అమ్మయ్య, వెళ్ళక్కర్లేదులే అని. ఆ హాయి చూసి భయం వేసిందమ్మా. మంచులో, రాత్రి పూట, టార్చిలైటు పట్టుకుని ఒక్కదాన్ని వార్డు వార్డుకీ తిరిగినదాన్ని. ఎప్పుడిలా అయ్యానో తెలీదు." పక్కన గ్రేసు మంచం మీద కూర్చుని కాళ్ళూపుతోంది. "అది నన్ను కట్టేసింది అనుకుంటారు జనం. దానికి నేను లేకపోయినా గడుస్తుందేమో. నాకే గడవదు."

చల్లారిన టీ తాగి వచ్చేశాను.

చనిపోయిన రోజు పొద్దున టీచరమ్మ కొళాయి దగ్గర ఒరిగిపోయింది. పాలు పోసే ఆవిడ వచ్చి చూసేసరికి గ్రేసు తల్లి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉందట. ఎంతసేపటి నుంచి కూర్చుందో ఎవరికీ తెలియదు.

సమాధుల దొడ్డిలో జనం పట్టలేదు. ఊళ్ళో రైతులు కూడా వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తుండగా ఒక ముసలాయన, పాత కోటుకు మెడల్సు పెట్టుకుని, చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఎక్కడి నుంచో రెండు బస్సులు మారి వచ్చాడట. పెట్టె దగ్గర కాళ్ళు దగ్గరికి చేర్చి, సెల్యూట్ కొట్టాడు.

మా ఊరి పెద్దరైతు ఒకాయన అడిగాడు: "నీకు తెలుసా ఆవిడ?"

"తెలీదండి. మిలట్రీ నర్సమ్మ పోయిందని ఎవరో ఫోన్లో పెడితే చూశా" అన్నాడు. "మిలట్రీ నర్సు చేరడమే లెఫ్టినెంటుగా. ఆఫీసరు. నేను జవాన్నండి. రావాలిగా."

ఆ మాటకి చుట్టూ ఉన్నవాళ్ళు పెట్టె వైపు తిరిగి చూశారు. ఊళ్ళో ఒక ఆఫీసరు అన్నేళ్ళు బతికిందని మాకు ఆ పూట తెలిసింది.

మట్టి వేశాక పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. పెదకాకాని దగ్గర ఇలాంటివాళ్ళ కోసం ఒక హోము ఉందనీ, అక్కడ చోటు ఖాళీ అయ్యేసరికి ఒక వారం పడుతుందనీ, అంతవరకూ గ్రేసును ఎవరైనా ఉంచుకోవాలనీ అన్నారు. అందరూ నేల చూశారు. నా పక్కన మా ఆయన ఉన్నాడు. నేను ఆయన మొహం చూడలేదు.

"నేను తీసుకెళ్తాను" అన్నాను.

ఇంటికొచ్చాక ఆయన గ్రేసు సంచి దించి, లోపల గదిలో పెట్టాడు. "మంచం గోడవారకి జరపనా? పడకుండా ఉంటుంది" అని అడిగాడు.

మొదటి రెండు రోజులు గ్రేసు గుమ్మం దగ్గరే కూర్చుంది. ఏడిస్తే పక్కన కూర్చున్నాను. మూడోనాడు అత్తయ్య వరండాలో మిరపకాయల రాశి పోసుకుని ముచ్చికలు తీస్తుంటే, గ్రేసు వెళ్ళి ఎదురుగా కూర్చుంది. అత్తయ్య ఒక చాటలో నాలుగు గుప్పిళ్ళు పోసి ముందుకు తోసింది. ఒక కాయ తీసి చూపించింది. గ్రేసు ఒక్కొక్క కాయనీ ఎత్తి, వెలుతురులో చూసి, ముచ్చిక తుంచి పక్కన పెట్టింది. అలా రోజూ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు. అత్తయ్య తన పుట్టింటి గొడవలన్నీ చెప్పేది. గ్రేసు మధ్యమధ్య "ఆ" అనేది. ఒక్కసారి ఫిట్సు వచ్చాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టాం. తగ్గిపోయాయి.

ఎనిమిదో రోజు పాస్టరు గారు ఆటో తీసుకుని వచ్చారు. గ్రేసు ఇప్పుడు ఆ హోములోనే ఉంది. అక్కడ పాటలు పాడతారు. అది వాళ్ళ మధ్యలో కూర్చుని చప్పట్లు కొడుతుంది. నేను వెళితే గుర్తుపట్టి చేయి పట్టుకుంటుంది. తల్లి కోసం వెతుక్కున్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు. వెతుక్కుని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

ఆ రోజు సంచి ఆటోలో పెడుతుంటే అత్తయ్య వరండాలోంచి పిలిచింది.

"అయ్యగారూ, ఇంకో రెండ్రోజులు ఉండనివ్వరాదూ? పిల్ల వల్ల మాకేం ఇబ్బంది లేదు. ఇదేమన్నా బరువా?"

పాస్టరు గారు నవ్వి, హోము వాళ్ళకి మాటిచ్చామమ్మా అన్నారు. ఆటో వెళ్ళిపోయింది. నేను గేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

"ఏమయిందే?" అంది అత్తయ్య. "దాని కోసమేనా ఏడుస్తన్నావు?"

అవునన్నాను. దాని కోసం కాదు. మా వాళ్ళు ఒప్పుకోలేదని ఆ రోజు ఫోన్లో టీచరమ్మకు చెప్పాను. ఆవిడ నమ్మింది. ఆరేళ్ళుగా నేనూ నమ్ముతూ వచ్చాను. కానీ నేను వాళ్ళని అడగనే లేదు.